క్రికెట్ అద్దెకున్న మైదానం: ఎల్బీ స్టేడియం కథ

క్లుప్తంగా: హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న లాల్ బహదూర్ స్టేడియంలో 1955 నుంచి 2003 దాకా అంతర్జాతీయ క్రికెట్ జరిగింది. 2005 నుంచి ఆ మ్యాచ్‌లన్నీ ఉప్పల్‌కు మారాయి. ఊరు పెరగడం, పాత స్టేడియం చిన్నది కావడం అనే కారణాలు నిజమే కానీ అసలు కారణాలు కావు. స్టేడియం ప్రభుత్వానిది, ఆట క్రికెట్ సంఘానిది. టీవీ డబ్బు వచ్చాక ఈ రెండూ ఒకే చేతిలో ఉండాల్సిన పరిస్థితి ఏర్పడింది. దేశంలో మరికొన్ని నగరాల్లోనూ ఇదే జరిగింది. ఎల్బీ స్టేడియానికి మాత్రం క్రికెట్ కన్నా పాతదైన మరో వృత్తి ఉంది: పాలించేవారి అవసరాలకు చోటివ్వడం. దానికే అది తిరిగి వెళ్లింది.

2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి తెలంగాణ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఎల్బీ స్టేడియంలోనే. ఇప్పటి యువతరానికి ఆ పేరు వినగానే గుర్తొచ్చేవి సభావేదికలు, బారికేడ్లు, ట్రాఫిక్ మళ్లింపులు. నలభై దాటినవారికి గుర్తొచ్చేది 1999లో సచిన్ టెండూల్కర్, రాహుల్ ద్రవిడ్ కలిసి న్యూజిలాండ్ బౌలర్లను ఆడుకున్న రోజు. ఇద్దరూ చెప్పేది ఒకే చోటు గురించి. ఇన్ని గ్యాలరీలు, ఇంత చరిత్ర ఉన్న స్టేడియంలో మ్యాచ్‌లు ఎందుకు లేవన్న ప్రశ్న ప్రతి సభకూ ఒకసారి లేస్తుంది. ఊళ్లో వినిపించే జవాబు ‘ఉప్పల్‌లో పెద్దది కట్టారు కదా’ అన్నది. అసలు అక్కడ కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఆ జవాబులో లేదు.

పేరు ముందు, ఆట తర్వాత

స్టేడియానికి పాత పేరు ఫతే మైదాన్. ఫతే అంటే విజయం. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ఎనిమిది నెలల పాటు ముట్టడించి, కుతుబ్ షాహీల చివరి పాలకుడు అబుల్ హసన్ తానీషాను బందీగా పట్టుకున్నాయి. ఆ ముట్టడి కాలంలో మొఘల్ సేన ఇక్కడ విడిది చేసిందనీ, గెలిచాక ఈ నేలకు ఆ పేరు వచ్చిందనీ వాడుకలో ఉన్న కథనం. ఒక ముచ్చటైన విషయం ఏమిటంటే, హైదరాబాదీలు ఇన్ని తరాలుగా ముద్దుగా పిలుచుకున్న పేరు వాళ్ల సొంత రాజ్యం ఓడిపోయిన రోజును గుర్తుచేసేది. ఓడించినవాడు పెట్టిన పేరు ఓడినవాళ్ల నోట నిలిచిపోయింది.

ఆసఫ్ జాహీల కాలంలో ఈ మైదానం పోలో ఆటకు ప్రసిద్ధి. ఒకవైపు నిజాం కాలేజీ, మరోవైపు పబ్లిక్ గార్డెన్స్, ఎదురుగా నౌబత్ పహాడ్, కాస్త ఇవతల బషీర్‌బాగ్, అబిడ్స్. తర్వాతి కాలంలో శాసనసభ, పోలీస్ కంట్రోల్ రూమ్ కూడా ఈ చుట్టుపక్కలే వెలిశాయి. అంటే ఇది మొదటినుంచీ అధికారానికి కూతవేటు దూరంలో ఉన్న ఖాళీ స్థలం. సేన విడిది చేసినా, ప్రభువులు గుర్రాలెక్కి పోలో ఆడినా, నేల మాత్రం పాలించేవారిదే. అనుమతి వారిదే. ఈ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకుంటే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఇక్కడ గ్యాలరీలు లేచాయి. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి కన్నుమూశారు. మరుసటి ఏడాది స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. పాత పేరు మాత్రం పోలేదు. ప్రాంగణంలోని క్లబ్బు ఇప్పటికీ ఫతే మైదాన్ క్లబ్బే.

మూడు టెస్టులు, ఒకే ప్రత్యర్థి

ఈ మైదానంలో జరిగిన టెస్టు మ్యాచ్‌లు మూడే. 1955, 1969, 1988. మూడింటిలోనూ ప్రత్యర్థి న్యూజిలాండే. ఇది యాదృచ్ఛికంలా కనిపిస్తుంది కానీ పూర్తిగా అలాంటిది కాదు. అప్పట్లో టెస్టులు పంచుకునే వరుసలో బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఢిల్లీ ముందుండేవి. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, వెస్టిండీస్ లాంటి గిరాకీ ఉన్న జట్లు వస్తే వాటి మ్యాచ్‌లు ఆ నగరాలు దాటి రావడం అరుదు. న్యూజిలాండ్‌ను అప్పట్లో చిన్న జట్టుగా చూసేవారు. అందుకే దాని పర్యటనల్లో మిగతా నగరాలకు చోటు దొరికేది. హైదరాబాద్‌కు టెస్టు దక్కిన తీరు ఆ నగరానికి భారత క్రికెట్ బోర్డులో ఉన్న పలుకుబడికి కొలత కూడా.

1955 నవంబర్‌లో జరిగిన మొదటి టెస్టు హైదరాబాద్‌కు పండుగే. భారత్‌కు నాయకత్వం వహించింది ఈ ఊరి ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. భారత బ్యాటర్ టెస్టుల్లో డబుల్ సెంచరీ చేయడం అదే మొదటిసారి. విజయ్ మంజ్రేకర్ సెంచరీ చేశాడు. ఎ.జి. కృపాల్ సింగ్ తన మొదటి టెస్టులోనే 100 పరుగులతో అజేయంగా నిలిచాడు. భారత్ 498 పరుగులకు 4 వికెట్ల వద్ద డిక్లేర్ చేసింది. సుభాష్ గుప్తే 7 వికెట్లు తీశాడు. అయినా మ్యాచ్ డ్రా అయింది. ఆ నాటి పిచ్‌ల మీద అది మామూలే.

1969 అక్టోబర్ నాటి రెండో టెస్టును మాత్రం మైదానం నిర్వహణ మీద పాఠంగా చదువుకోవచ్చు. బొంబాయిలో భారత్, నాగ్‌పూర్‌లో న్యూజిలాండ్ గెలవడంతో సిరీస్ 1-1గా ఉంది. హైదరాబాద్‌లో గెలిస్తే న్యూజిలాండ్‌కు భారత్‌లో తొలి సిరీస్ విజయం. వాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 181 చేశారు. తర్వాత వాన పడింది. ఆ గందరగోళంలో పిచ్ మీద పచ్చిక కోయాల్సిన రోజు కోయకుండా వదిలేశారు. మరునాడు కోస్తామంటే న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ నిబంధన చూపించి ఒప్పుకోలేదు. గడ్డి పెరిగిన పిచ్ మీద భారత్ 49 పరుగులకే 9 వికెట్లు పోగొట్టుకుంది. చివరి జోడీ నిలబడటంతో స్కోరు 89కి చేరింది. గ్యాలరీల్లో అల్లర్లు జరిగాయి. ఆఖరికి 268 పరుగుల లక్ష్యంతో దిగిన భారత్ 7 వికెట్లకు 76 పరుగుల దగ్గర ఉండగా మళ్లీ వాన. వాన వెలిసినా మైదానం సిద్ధం కాలేదు. నీళ్లు తోడటంలో సిబ్బంది తీరు చూసి విసిగిన డౌలింగ్ తానే పనిలోకి దిగాడు. ఫలితం డ్రా. మూడు వికెట్ల దూరంలో సిరీస్ చేజారింది.

1988 డిసెంబర్‌లో కథ దాదాపు అక్కడే మొదలైంది. బెంగళూరులో భారత్, బొంబాయిలో న్యూజిలాండ్ గెలిచి మళ్లీ 1-1. మళ్లీ చివరి టెస్టు హైదరాబాద్‌లోనే. ఈసారి వానా లేదు, గడ్డీ లేదు. హైదరాబాద్ స్పిన్నర్ అర్షద్ అయూబ్ ఆ సిరీస్ అంతటా వాళ్లను ఇబ్బందిపెట్టాడు. భారత్ 10 వికెట్లతో గెలిచింది. ఇలా న్యూజిలాండ్ సిరీస్ ఆశలు రెండుసార్లు ఒకే మైదానంలో కరిగిపోయాయి. భారత్‌లో వాళ్ల మొదటి సిరీస్ విజయం 2024లో కానీ రాలేదు.

వన్డేలు తెచ్చిన జనం

టెస్టులు పదిహేనేళ్లకో, ఇరవయ్యేళ్లకో ఒకటి దక్కితే, వన్డేలు తరచుగా వచ్చాయి. 1983లో ప్రపంచకప్ గెలిచి వచ్చిన భారత్ ఆ సెప్టెంబర్‌లోనే ఇక్కడ పాకిస్తాన్‌ను ఓడించింది. 1987 మార్చి 20న అదే పాకిస్తాన్‌తో జరిగిన మ్యాచ్ చివరి బంతికి స్కోర్లు సమమయ్యాయి. రెండు జట్లవీ 212 పరుగులే. భారత్ 6 వికెట్లు, పాకిస్తాన్ 7 వికెట్లు కోల్పోయాయి కాబట్టి తక్కువ వికెట్ల లెక్కన భారత్ గెలిచింది. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లో జింబాబ్వే బ్యాటర్ డేవ్ హౌటన్ 142 పరుగులు చేసి, న్యూజిలాండ్‌ను ఓటమి అంచుకు తీసుకెళ్లాడు. జింబాబ్వే 3 పరుగుల తేడాతో ఓడింది.

1999 నవంబర్ 8న టెండూల్కర్ 186 పరుగులతో అజేయంగా నిలవగా, ద్రవిడ్ 153 చేశాడు. రెండో వికెట్‌కు 331 పరుగులు. వన్డేల్లో ఏ వికెట్‌కైనా అప్పటికి అదే ప్రపంచ రికార్డు. 2015 ప్రపంచకప్‌లో క్రిస్ గేల్, మార్లన్ శామ్యూల్స్ దాన్ని దాటేదాకా నిలిచింది. 2003 నవంబర్‌లో భారత్ మళ్లీ న్యూజిలాండ్‌పైనే 353 పరుగులు చేసి 145 పరుగులతో గెలిచింది. ఎల్బీలో భారత్ ఆడిన చివరి వన్డే అది. వీడ్కోలు మ్యాచ్ అని ఎవరూ ప్రకటించలేదు.

ఎవరి స్టేడియం, ఎవరి ఆట?

క్రికెట్ ఎందుకు వెళ్లిపోయింది? ఇక్కడ రెండు సంస్థల మధ్య ఉన్న సంబంధాన్ని చూడాలి. స్టేడియం రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ అధీనంలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ సంస్థ, ఇప్పుడు తెలంగాణ సంస్థ. మ్యాచ్ నిర్వహించేది హైదరాబాద్ క్రికెట్ సంఘం. మ్యాచ్ కావాల్సినప్పుడు సంఘం స్టేడియాన్ని అడిగి తీసుకోవాలి, అయిపోయాక అప్పగించాలి. చిన్న ఊళ్లో కల్యాణ మండపం అద్దెకు తీసుకున్నట్టు.

క్రికెట్‌లో డబ్బు తక్కువగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు బాగానే నడిచింది. మ్యాచ్ ఆదాయం అంటే ప్రధానంగా టికెట్ల డబ్బు. ఏడాదికో, రెండేళ్లకో ఒక మ్యాచ్ కోసం సొంత స్టేడియం కట్టుకోవడం ఏ సంఘానికీ తలకు మించిన భారం. 1990ల్లో లెక్క తారుమారైంది. 1993లో ఇంగ్లండ్ పర్యటన ప్రసార హక్కులను బోర్డు దూరదర్శన్‌కు బయట అమ్ముకుంది. 1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదనీ తీర్పిచ్చింది. ఆ కేసు మొదలైందే బెంగాల్ క్రికెట్ సంఘం పెట్టిన మ్యాచ్‌ల ప్రసారం మీద. అక్కడి నుంచి బోర్డు ఆదాయం పెరుగుతూ పోయింది. అందులో వాటా రాష్ట్ర సంఘాలకు అందింది. మొదటిసారిగా సంఘాల చేతిలో స్టేడియం కట్టుకోగలిగినంత డబ్బు పడింది.

డబ్బుతో పాటు కట్టుబాట్లూ వచ్చాయి. ప్రసారకర్తకు కెమెరాలు పెట్టుకునే చోట్లు కావాలి. బౌండరీ చుట్టూ ప్రకటనలు ఎవరివి ఉండాలన్నది ముందే ఒప్పందంలో రాసుకుంటారు. కార్పొరేట్ బాక్సులు కావాలి. వాటిని ఏళ్ల తరబడి అమ్ముకునే హక్కు కావాలి. అద్దె స్టేడియంలో ఇవన్నీ అడుగడుగునా బేరాలే. గ్యాలరీల కింద ఉన్న దుకాణాల అద్దె కూడా క్రికెట్‌ది కాదు. అబిడ్స్ వైపు నుంచి వచ్చేవారికి స్టేడియం కన్నా ముందు కనిపించేవి ఆ దుకాణాలే. ఇక పాసుల సంగతి. సచివాలయం, శాసనసభ నడిచిపోయేంత దూరంలో ఉన్న ప్రభుత్వ స్టేడియంలో మ్యాచ్ పెడితే ఉచిత పాసుల జాబితా ఎంత పొడవుంటుందో ఊహించుకోవడం కష్టం కాదు.

నేల చెప్పే కారణం

ఒప్పందాల సంగతి అలా ఉంచితే, నేలకు సంబంధించిన కారణం ఇంకా బలమైనది. ఎందుకనో ఈ చర్చల్లో అది తక్కువగా వినిపిస్తుంది.

క్రికెట్ మైదానం మధ్యలో ఉండే పిచ్‌ల వరుస ఒక రోజులో తయారయ్యేది కాదు. జిగురున్న బంకమట్టిని పొరలు పొరలుగా వేసి, తడిపి, రోలర్‌తో తొక్కించి, ఆరబెట్టి, పైన పచ్చిక పెంచి, దాని వేళ్లు మట్టిని పట్టుకునేలా చేయాలి. అది ఏడాది పొడవునా సాగే పని. మ్యాచ్ లేని నెలల్లోనే అసలు పని జరుగుతుంది. ఒక పిచ్ మీద ఆడాక దానికి విశ్రాంతినివ్వాలి. చుట్టూ ఉండే ఔట్‌ఫీల్డ్‌కు కావాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాన నీరు వెంటనే ఇంకిపోయేలా వదులుగా, ఇసుక పాలుతో ఉండాలి.

ఇప్పుడు అదే మైదానంలో బహిరంగ సభ పెడితే ఏమవుతుంది? వేదిక కోసం ఇనుప కమ్మీలు, షామియానాల కోసం గుంజలు, సామగ్రి తెచ్చే లారీలు, వేల సంఖ్యలో కుర్చీలు, ఆ కుర్చీల మధ్య జనం. లారీ చక్రాల బరువుకు మట్టి అణగిపోతుంది. అణగిన మట్టిలో నీరు దిగదు. నీరు దిగని చోట గడ్డి వేరు కుళ్లుతుంది. పైకి పచ్చగా కనబడినా, తర్వాతి వానకు అక్కడ మడుగు కడుతుంది. ఫుట్‌బాల్ బూట్లు చేసే నష్టం దీనితో పోలిస్తే చిన్నది. అది పైపొరకే పరిమితం. సభ చేసే నష్టం అడుగుకు దిగుతుంది.

ప్రభుత్వ మైదానాన్ని ఒకే ఆటకు, అందులోనూ మధ్యలో తాడు కట్టి ఏడాదంతా ఎవరినీ తొక్కనివ్వని ఆటకు, అప్పగించడం కుదరదు. అలా అప్పగించమని అడగడానికి క్రికెట్ సంఘానికి నైతికంగా కూడా పెద్ద బలం లేదు. ఫుట్‌బాల్‌కు, అథ్లెటిక్స్‌కు ఆ మైదానం మీద సమాన హక్కుంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. భారత ఫుట్‌బాల్ కోచ్‌లలో అగ్రగణ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం ఆ జట్టును తీర్చిదిద్దారు. హైదరాబాద్ అంటే క్రికెట్ ఊరు అనుకోవడం ఇటీవలి అలవాటు.

ఇతర నగరాల అనుభవం

ఇది హైదరాబాద్‌కు మాత్రమే ప్రత్యేకమైన కథ అయితే స్థానిక రాజకీయాల ఖాతాలో రాసేయవచ్చు. కానీ ఇదే క్రమం మరికొన్ని చోట్ల కనిపిస్తుంది.

అహ్మదాబాద్‌లో నవరంగ్‌పురాలోని మున్సిపల్ స్టేడియం 1981లో భారత గడ్డ మీద మొట్టమొదటి వన్డేకు వేదికైంది. రెండేళ్లలోనే గుజరాత్ సంఘం మోతేరాలో సొంత స్టేడియానికి వెళ్లిపోయింది. పుణెలో నెహ్రూ స్టేడియాన్ని వదిలి సంఘం ఊరి బయట గహుంజేలో కట్టుకుంది. విశాఖపట్నంలో ఇందిరా ప్రియదర్శిని మున్సిపల్ స్టేడియం 1988 నుంచి 2001 వరకు వన్డేలు చూసింది. తర్వాత ఆంధ్ర క్రికెట్ సంఘం మధురవాడ వైపు కొత్త స్టేడియం కట్టింది. 2005 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌పై ధోని 148 పరుగులు చేసిన స్టేడియం అదే. ఎల్బీ నుంచి ఉప్పల్‌కు మారిన ఏడాదే విశాఖలోనూ మార్పు జరగడం గమనించదగ్గది. ఒకే రకమైన డబ్బు, ఒకే రకమైన ఒత్తిడి, ఒకే కాలం.

బొంబాయి ఉదాహరణ కాస్త భిన్నం. అక్కడ బ్రాబోర్న్ స్టేడియం ప్రభుత్వానిది కాదు, క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాది. అయినా టికెట్ల కేటాయింపు మీద క్లబ్బుకు, బొంబాయి సంఘానికి పొసగక, నడిచిపోయేంత దూరంలోనే వాంఖడే లేచింది. 1975 జనవరిలో అక్కడ మొదటి టెస్టు జరిగింది. అంటే గొడవ ప్రభుత్వంతోనే రావాలని లేదు. స్టేడియం ఒకరిది, మ్యాచ్ ఇంకొకరిది అయితే చాలు.

దీనికి విరుద్ధంగా నిలిచినది కాన్పూర్. గ్రీన్ పార్క్ ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వానిదే. ఒప్పందం మీద అక్కడ టెస్టులు జరుగుతూనే ఉన్నాయి. ఆ ఏర్పాటుకున్న బలహీనత 2024లో బంగ్లాదేశ్‌తో టెస్టులో బయటపడింది. వానతోనూ, ఆరని ఔట్‌ఫీల్డ్‌తోనూ రెండు రోజులకు పైగా ఆట పోయింది. మురుగు పారుదల గురించి దేశమంతా మాట్లాడుకుంది. భారత్ ఎలాగో ఐదో రోజు గెలిచింది కాబట్టి ఆ చర్చ త్వరగా సద్దుమణిగింది.

చెన్నైతో పోలిక ఇంకో విషయం చెబుతుంది. అక్కడ నెహ్రూ స్టేడియంలో 1950లు, 60లలో టెస్టులు జరిగేవి. తర్వాత చేపాక్ స్టేడియానికి తిరిగి వెళ్లాయి. క్రికెట్ పోయిన నెహ్రూ స్టేడియాన్ని 1990ల్లో ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ కోసం కొత్తగా కట్టారు. ఎల్బీకి ఆ అవకాశం కూడా దక్కలేదు. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల నాటికే గచ్చిబౌలిలో వేరే స్టేడియం వచ్చేసింది. క్రికెట్ తూర్పుకు, అథ్లెటిక్స్ పడమరకు వెళ్లిపోయాయి. నడుమ ఉన్నది ఖాళీ అయింది.

ప్రమాణ స్వీకారాల వేదిక

ఖాళీ అన్నది ఆట వరకే. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు రాజ్‌భవన్ గోడలు దాటి, జనం మధ్య ఇక్కడే ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అదే ఏడాది ఈ స్టేడియంలో తొలి వన్డే కూడా జరిగింది. రెండు కొత్త జాతరలు ఒకే ఏడాది మొదలయ్యాయన్నమాట. 2004లోనూ, 2009లోనూ వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రమాణం చేసిందీ ఇక్కడే. 2009 సెప్టెంబర్‌లో ఆయన పార్థివదేహాన్ని ప్రజల దర్శనార్థం ఉంచిందీ ఇక్కడే.

2013లో రాష్ట్ర విభజన మీద ఉద్రిక్తత తారస్థాయిలో ఉన్నప్పుడు, సమైక్యాంధ్ర కోరుతూ ఎన్జీవోలు (ప్రభుత్వ ఉద్యోగుల సంఘం) సెప్టెంబర్‌లో, వైఎస్సార్ కాంగ్రెస్ అక్టోబర్‌లో ఇదే స్టేడియంలో సభలు పెట్టాయి. అంతకు నెల ముందు ఆగస్టులో నరేంద్ర మోదీ సభ జరిగింది. తెలంగాణ వచ్చాక 2017 డిసెంబర్‌లో ప్రపంచ తెలుగు మహాసభల ప్రధాన వేదిక కూడా ఇదే. ప్రభుత్వ ఇఫ్తార్ విందులు, క్రిస్మస్ విందులు, ఉద్యోగ నియామక పత్రాల పంపిణీ, అన్నీ ఇక్కడే. ఏ పక్షం వారైనా, ఏ వాదం వారైనా ఈ గేట్లలోంచే వెళ్లారు.

ఇందుకు కారణాలు ఆచరణాత్మకమైనవి. సికింద్రాబాద్ పరేడ్ మైదానం సైన్యానిది, అక్కడ అనుమతి కేంద్రం చేతిలో ఉంటుంది. గచ్చిబౌలి దూరం. ఎల్బీలో మాత్రం గ్యాలరీలు ఉన్నాయి, గోడ ఉంది, లోపలికి వచ్చే దారులను లెక్కపెట్టి కాపలా పెట్టవచ్చు, పోలీస్ కంట్రోల్ రూమ్ పక్కనే ఉంది. భద్రతా అధికారికి ఇంతకన్నా సౌకర్యమైన చోటు నగరంలో లేదు. అన్నిటికీ మించి, అనుమతి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే. అడిగేదీ చాలాసార్లు ఆ ప్రభుత్వమే. విజయవాడలోనూ ఇదే కనిపిస్తుంది. అక్కడి ఇందిరా గాంధీ స్టేడియంలో 2002లో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగింది. 2019 మే 30న జగన్మోహన్ రెడ్డి ప్రమాణం చేసింది ఆ స్టేడియంలోనే.

సొంత ఇల్లు, సొంత చిక్కులు

ఉప్పల్‌లో ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో క్రికెట్ సంఘం కట్టిన స్టేడియానికి మొదట ఒక కంపెనీ పేరు పెట్టారు. 2005లో రాజీవ్ గాంధీ పేరుగా మారింది. ఆ పేరు మార్పు మీద వివాదం ఏళ్ల తరబడి నడిచింది. 2005 నవంబర్‌లో దక్షిణాఫ్రికాతో మొదటి వన్డే, 2010 నవంబర్‌లో మొదటి టెస్టు జరిగాయి. ఆ టెస్టు ప్రత్యర్థి ఎవరో చెప్పనక్కర్లేదు, న్యూజిలాండే. సొంత స్టేడియం లేకుంటే ఐపీఎల్ జట్టుకు ఏటా ఏడేసి మ్యాచ్‌లు, 2017, 2019 ఫైనళ్లు, 2023 ప్రపంచకప్ మ్యాచ్‌లు నగరానికి రావడం దాదాపు అసాధ్యం. రెండు నెలల పాటు ఏ సభకూ ఇవ్వకుండా స్టేడియాన్ని పట్టి ఉంచడం ఎల్బీలో కుదిరే పని కాదు. ఆ మేరకు మార్పు లక్ష్యం నెరవేరింది.

స్థలం సొంతమైనంత మాత్రాన నిర్వహణ బాగుపడలేదన్నది నాణేనికి రెండో వైపు. సంఘంలో వర్గపోరు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 ఫిబ్రవరిలో కోర్టు మాజీ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించి వ్యవహారాలు అప్పగించింది. 2024 ఏప్రిల్‌లో ఐపీఎల్ మ్యాచ్ ముందురోజు బకాయిల పేరిట విద్యుత్ సంస్థ స్టేడియానికి కరెంటు తీసేసింది. ఎల్బీలో ఉన్నప్పుడు కరెంటు బిల్లు క్రికెట్ సంఘం బాధ కాదు.

ముందు ఏమవుతుంది

ఎల్బీకి అంతర్జాతీయ క్రికెట్ తిరిగి రావడం జరిగే పని కాదు. సంఘానికి ఆ అవసరం లేదు, ప్రభుత్వానికి ఆ తీరిక లేదు. స్టేడియం పక్కనే మెట్రో స్టేషన్లు వచ్చాయి కానీ అవి సభలకు వచ్చేవారికే ఎక్కువ ఉపయోగపడుతున్నాయి. ఉప్పల్ స్టేడియానికి దగ్గర్లోనూ ‘స్టేడియం’ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది కాబట్టి దూరం అన్న పాత ఫిర్యాదు కూడా బలహీనపడింది. ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ శిక్షణకు మైదానం ఎన్ని రోజులు దొరుకుతుందన్నది సభల క్యాలెండర్ మీద ఆధారపడి ఉంటుంది. ఎన్నికల ఏడాదిలో తక్కువ, మిగతా ఏళ్లలో ఎక్కువ.

ఈ ప్రాంగణంలో నిలదొక్కుకున్న ఆటలు ఏవో చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. అవి పచ్చిక మీద ఆధారపడనివి. టెన్నిస్‌కు వేరే కోర్టులున్నాయి. బ్యాడ్మింటన్‌కు ఇండోర్ స్టేడియం ఉంది. లారీ చక్రం అక్కడికి రాదు. 1990ల చివర్లో రాజేంద్రనగర్ నుంచి తెల్లవారుజామున తండ్రి స్కూటర్ మీద వచ్చి ఈ ఇండోర్ హాలులోనే సైనా నెహ్వాల్ రాకెట్ పట్టడం నేర్చుకుంది. మొదటి గురువు నాని ప్రసాద్, తర్వాత ఎస్.ఎం. ఆరిఫ్. పుల్లెల గోపీచంద్ కూడా ఆరిఫ్ శిష్యుడే. 2012లో లండన్ ఒలింపిక్స్ కాంస్యం సాధించిన ఆటకు అక్షరాభ్యాసం జరిగిన చోటు, టెండూల్కర్ 186 కొట్టిన చోటు ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. వేదికలు కట్టేటప్పుడు తవ్వేది ఆ రెండో చోటును.